మిషన్ మింగిన నుసి ఎటు పోతోంది? ఇంటి వడ్రంగి షెడ్డులో డస్ట్ కలెక్టర్, వాక్యూమ్ వాడే పద్ధతి

చెక్క నుసిని గాలితో లాగి సంచీలో పట్టే డస్ట్ కలెక్టర్ కొన్న వారానికే మా ఇంట్లో గొడవైంది. శ్రీకాకుళంలో మా ఇంటి వెనక చిన్న రేకుల షెడ్డు ఉంది. పక్కనే డాబా మెట్లు. ఆ రోజు డాబా మీద మా ఆవిడ గుమ్మడి వడియాలు పెట్టింది. కింద నేను పనస చెక్క మీద సాండర్ (ఉప్పు కాగితం తిప్పే మిషన్) నడుపుతున్నాను. మిషన్ బ్రహ్మాండంగా లాగుతోంది, బల్ల మీద చిటికెడు దుమ్ము కూడా లేదు. సాయంత్రం పైకెళ్లి చూస్తే వడియాల మీద పసుపు చల్లినట్టు నుసి! సంచీ పట్టీ నేను సరిగ్గా బిగించలేదు, పైగా సంచీ గుడ్డ పల్చన. గుమ్మం బాగుచేయడానికి వచ్చిన ముసలి మేస్త్రి ఒకాయన ఇదంతా చూసి నవ్వాడు. "ఏటి బాబూ, మిషను మింగింది సరే, మింగిందంతా ఎటెల్తంది?" అన్నాడు.

ఆ తర్వాత మిషన్ దగ్గర ఏ పని చేసినా నేను ముందు ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను. చెక్క దగ్గర పుట్టిన నుసి గొట్టంలోకి, ఫిల్టర్‌లోకి, డ్రమ్ములోకి, చివరికి ఇంటి బయటికి వెళ్తుంది. ఆ దారిలో ఎక్కడ జారిపోతుందో చూసుకుంటే చాలావరకు జాగ్రత్త పడ్డట్టే. అదే వరసలో చెప్తాను.

ముందు పొట్టుకీ నుసికీ తేడా చూడండి

చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా వచ్చేది పొట్టు. కాళ్లకు అడ్డం పడుతుంది, చిరాకు పెడుతుంది, ఊపిరితిత్తుల్లోకి మాత్రం పోదు. ఉప్పు కాగితం రుద్దినప్పుడు, సాండర్ తిప్పినప్పుడు, చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక ఎమ్‌డీఎఫ్ కోసినప్పుడు లేచేది నుసి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నుసిలో 10 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ముక్కు దాటి లోపలికి వెళ్తాయి, ఇంకా సన్నవి ఊపిరితిత్తుల అడుగు దాకా దిగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెక్క నుసిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. ముక్కు లోపల, దాని చుట్టూ ఉండే గాలి గదుల్లో వచ్చే క్యాన్సర్లకు దీనితో సంబంధం ఉంది. ఏళ్ల తరబడి పీల్చే కార్మికులను చూసి తేల్చిన మాట అది. ఆదివారం ఓ గంట పని చేసేవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, అలాగని వదిలేయనూ కూడదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ నుంచి వీణ తొలిచేవాళ్ల చుట్టూ చూస్తే ఉలి దెబ్బకి రాలిన పెళ్లలు, పొట్టు ఎక్కువ కనిపిస్తాయి. చేతి పనిముట్లతో నుసి తక్కువ. మనం కరెంటు మిషన్లు తెచ్చుకున్నాం కాబట్టి నుసినీ తెచ్చుకున్నాం. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

చెక్కని బట్టి కూడా తేడా ఉంటుంది. టేకు, రోజ్‌వుడ్ నుసి కొందరికి ఒంటి మీద దద్దుర్లు తెప్పిస్తుంది. వేప నుసికి గొంతు చేదెక్కుతుంది. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ నుసిలో చెక్కతో పాటు జిగురు కూడా ఉంటుంది. ఆ జిగుళ్లలో ఎక్కువ రకాల్లో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం వాడతారు. ఇంట్లో ఒక్క చెక్కకే జాగ్రత్త పడగలను అంటే ఎమ్‌డీఎఫ్‌కి పడండి.

ఏ పనికి ఏ మిషన్

రెండూ పీల్చేవే అయినా ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. వాక్యూమ్‌కి లాగే బలం ఎక్కువ, లాగే గాలి తక్కువ. సన్నటి గొట్టంలో నుంచి గట్టిగా పీలుస్తుంది. సాండర్, గాడులు తీసే రూటర్, చేతి రంపం మిషన్, మూలలు ఊడ్చుకోవడం దాని పని. డస్ట్ కలెక్టర్‌కి బలం తక్కువ, గాలి ఎక్కువ. వాక్యూమ్ నిమిషానికి సుమారు 100 నుంచి 150 ఘనపుటడుగుల గాలి లాగితే, ఒకటిన్నర, రెండు హార్స్‌పవర్ కలెక్టర్ 600 పైనే లాగుతుంది. చిత్రిక పట్టే ప్లేనర్, బల్లకి బిగించిన రంపం టేబుల్ సా, తరిమెన (లేత్) లాంటివి గంపెడు పొట్టు కక్కుతాయి కాబట్టి వాటికి కలెక్టర్ కావాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, కలెక్టర్ నాలుగంగుళాల మూతికి దాన్ని సన్నం చేసే రిడ్యూసర్ పెట్టి సాండర్ సన్న గొట్టాన్ని తగిలించడం. అంత చిన్న కంతలోంచి గాలిని లాగే బలం దానికి లేదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నుసి గదిలోనే ఉంటుంది. ఇటు వాక్యూమ్‌ని ప్లేనర్‌కి తగిలిస్తే రెండు నిమిషాల్లో గొట్టం పూడుకుపోతుంది. ఒక్కటే కొనగలిగితే మొదట వాక్యూమ్ కొనుక్కోండి. పొట్టుని చీపురుతో ఎత్తుకోవచ్చు, నుసిని ఎత్తలేం.

వాక్యూమ్ ముందు సైక్లోన్ మూత ఉన్న డ్రమ్ము ఒకటి పెడితే పొట్టంతా సుడి తిరిగి అందులోనే పడుతుంది, ఫిల్టర్ దాకా కొంచెమే వెళ్తుంది. ఫిల్టర్ ఎక్కువ కాలం మన్నుతుంది. డ్రమ్ము గట్టిది చూసుకోండి. గొట్టం మూసుకుపోయినప్పుడు మెత్తటి ప్లాస్టిక్ డబ్బా లోపలికి నొక్కుకుపోతుంది. మొదటిసారి నాకూ పెయింటు డబ్బా అప్పడంలా అయింది.

మిషన్ ఎక్కడ పెట్టాలి

యూట్యూబ్‌లో చలిదేశాల వాళ్లు కలెక్టర్‌ని షెడ్డు లోపలే పెట్టి, ఖరీదైన ఫిల్టర్లు బిగించి, గాలిని మళ్లీ గదిలోకే వదులుతారు. హీటర్‌తో వేడి చేసుకున్న గాలి బయటికి పోకూడదని వాళ్ల బాధ. మనకి ఆ బాధ ఎక్కడిది? మే నెలలో మన షెడ్డులో గాలి బయటికి పోతే సంతోషమే. కాబట్టి వీలుంటే కలెక్టర్‌ని గోడ అవతల, చిన్న రేకు చూరు కింద పెట్టండి. శబ్దం తగ్గుతుంది, సంచీలోంచి జారే నుసి గదిలోకి రాదు. వాన జల్లు మోటారు మీద, స్విచ్ మీద పడకుండా చూసుకోండి. మిషన్ నడిచినంతసేపూ ఒక కిటికీ తెరిచి ఉంచండి. బయటికి వెళ్లినంత గాలి లోపలికి రావాలి, లేకపోతే మిషన్ లాగలేదు.

బయట పెట్టాం కదా, ఇక ఫిల్టర్ ఎందుకు అనుకోకండి. పక్కింటివాళ్ల దండెం, నుయ్యి, ఆవు తొట్టి ఎటున్నాయో చూసుకుని నిలబెట్టండి. మా వడియాల సంగతి చెప్పాను కదా.

ఫిల్టర్, సంచీ

చౌక కలెక్టర్లతో వచ్చే గుడ్డ సంచీల్లో కొన్ని 30 మైక్రాన్ల దాకానే ఆపుతాయి. అంటే పొట్టుని పట్టుకుని, ఊపిరితిత్తుల్లోకి పోయే నుసిని గాల్లోకి చిమ్ముతాయి. లోపల పెట్టక తప్పకపోతే 1 మైక్రాన్ సంచీ గానీ, మడతలున్న క్యానిస్టర్ ఫిల్టర్ గానీ వేయండి. వాక్యూమ్‌లో హెపా రకం వాడండి. అసలైన హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపాలి. అయితే పెట్టె మీద ఆ మాట రాసి ఉంటే సరిపోదు. ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు పట్టీ వదులుగా ఉంటే గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని పక్క సందులోంచి పోతుంది. పట్టీ వేలితో నొక్కి చూడండి. వాక్యూమ్ వెనక గాలి వచ్చే చోట తెల్ల గుడ్డ కట్టి పది నిమిషాలు నడపండి. గుడ్డ మాసిందంటే ఫిల్టర్ చూసుకోవాల్సిందే.

ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. చీకటి పడ్డాక పని ఆపి, లైట్లార్పి, టార్చి వెలుగుని గదికి అడ్డంగా వేయండి. పగలు శుభ్రంగా కనిపించిన గాలిలో రేణువులు మిలమిలా తేలుతూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు ఆ రాత్రే మాస్క్ కొంటారు.

వానాకాలం మన తీరంలో గాలి చెమ్మగా ఉంటుంది. ఫిల్టర్ మీద నుసి ముద్దలా అట్టకడుతుంది, లాగే బలం తగ్గిపోతుంది. ఆ రోజుల్లో ఫిల్టర్ తరచుగా దులపండి. షెడ్డు బయట, గాలికి వీపు పెట్టి నిలబడి, మాస్క్ పెట్టుకుని మెల్లగా తట్టండి. కంప్రెసర్ గాలి దగ్గరగా కొడితే మడతలు చిరుగుతాయి. కాగితం ఫిల్టర్‌ని కడగకండి. కడగొచ్చని రాసి ఉన్న రకాన్ని కడిగితే పూర్తిగా ఆరాకే బిగించండి, తడిది పెడితే బూజు పడుతుంది. నీళ్లు లాగాల్సి వస్తే కాగితం ఫిల్టర్ తీసి స్పాంజి తొడుగు వేయాలి, డ్రమ్ములో పొట్టు లేకుండా ఖాళీ చేయాలి.

గొట్టాలు

కలెక్టర్‌కి నాలుగంగుళాల పీవీసీ పైపు, చివర అవసరమైనంత మేరకే మడతల గొట్టం. మడతల గొట్టంలో గాలికి రాపిడి ఎక్కువ, అది పొడుగయ్యే కొద్దీ బలం చచ్చిపోతుంది. మలుపు దగ్గర ఒక్కసారిగా తిప్పే ఎల్బో కంటే, 45 డిగ్రీల ముక్కలు రెండు కలిపితే మంచిది. పొట్టు పైపులో కూర్చోకుండా సాగాలంటే గాలి సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో పోవాలి. రెండు మిషన్లకి గొట్టాలు కలిపి ఉంటే వాడనిదాన్ని గేటుతో మూసేయండి.

పొడి రోజుల్లో ప్లాస్టిక్ గొట్టం పట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ స్థిరవిద్యుత్తుకి ప్రాణం పోదు గానీ, రంపం పళ్లెం (బ్లేడు) దగ్గర చెయ్యి ఉలిక్కిపడితే వేలు పోతుంది. యాంటీ స్టాటిక్ గొట్టం దొరికితే కొనండి. పైపుకి రాగి తీగ చుట్టి మిషన్ ఎర్త్‌కి కలిపితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పీవీసీలో కరెంటు పారదు కదా.

కరెంటు సంగతి

ఇది కాస్త నిదానంగా చదవండి, మన ఊళ్లలో ఎక్కువ మిషన్లు ఇక్కడే కాలిపోతాయి.

రెండు హార్స్‌పవర్ కలెక్టర్ నడుస్తున్నప్పుడు సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు. టీవీ పెట్టే చిన్న సాకెట్‌కి దీన్ని తగిలించకండి. ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్, దానికి మోటార్లకి సరిపడే, కరెంటు మరీ ఎక్కువ పారితే ఆపేసే సీ రకం ఎమ్‌సీబీ, బోర్డులో కరెంటు లీకైతే పసిగట్టి ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి, చుట్ట పూర్తిగా విప్పండి. చుట్టగా ఉంచితే వేడెక్కుతుంది. టేబుల్ సా, కలెక్టర్ ఒకే సాకెట్ మీద నడపొద్దు, రెండిటికీ వేరు లైన్లు తీయించండి. రేకుల షెడ్డులో ఎర్త్ ఉందని నమ్మేముందు ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష పెట్టించండి. మా షెడ్డు సాకెట్‌లో మూడో కన్నం ఉంది, దాని వెనక వైరే లేదు.

సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు కలెక్టర్ మోటారు మామూలు కంటే ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. మూలుగుతూ తిరుగుతోందంటే వెంటనే ఆపేయండి. 200 వోల్టులు దాటకపోతే ఆ పని రేపటికి పెట్టుకోవడమే మేలు.

కరెంటు పోయినప్పుడు మన చేతులు చేసే మొదటి పని ఫోన్ టార్చి వెతకడం. దాని కంటే ముందు అన్ని స్విచ్‌లూ ఆపండి. మీరు రంపం పళ్లెం దగ్గర ఇరుక్కున్న ముక్క తీస్తుండగా కరెంటు వచ్చిందనుకోండి! పొలం మోటార్లకి పెట్టే మామూలు స్టార్టర్ ఉంటే కరెంటు వచ్చినా మీరు బటన్ నొక్కే దాకా మోటారు లేవదు. ఎలక్ట్రీషియన్‌ని అడిగి మీ మోటారుకి తగింది కలెక్టర్‌కీ, రంపానికీ పెట్టించండి. పొలంలో సుఖంగా ఉంటుందని కొనే ఆటో స్టార్టర్ మాత్రం ఇక్కడ పనికిరాదు, అది దానంతట అదే లేస్తుంది.

పని మొదలు పెట్టేటప్పుడు

లుంగీ, భుజం మీద తువ్వాలు తీసేయండి. కలెక్టర్ మూతి దగ్గరికి తువ్వాలు కొంగు పోయిందంటే ఫ్యాన్ రెక్కలకి చుట్టుకుంటుంది. ముందు కలెక్టర్ వేయండి, అది పూర్తి వేగం అందుకున్నాక పనిముట్టు వేయండి. ఆపేటప్పుడు ముందు పనిముట్టు ఆపి, కలెక్టర్‌ని ఇంకో పది, పదిహేను సెకన్లు తిరగనివ్వండి, పైపులో మిగిలింది కూడా పోతుంది. సాండింగ్ చేస్తున్నంతసేపూ టేబుల్ ఫ్యాన్ ఆపండి. చెమటకి కష్టమే, నాకూ తెలుసు. ఫ్యాన్ మాత్రం గొట్టం పట్టుకోబోయిన నుసిని గదంతా పంచిపెడుతుంది.

మిషన్ ఉంది కదా అని మాస్క్ మానకండి. ఎన్95 గానీ ఎఫ్ఎఫ్‌పీ2 గానీ చాలు. ముఖానికి అతుక్కోవాలి, గుబురు గడ్డం ఉంటే అతుక్కోదు. మెత్త గుడ్డ మాస్క్ పొట్టుకి పనికొస్తుంది గానీ నుసిని ఆపదు. పని ఆపిన వెంటనే మాస్క్ తీయొద్దు, సన్న నుసి చాలాసేపు గాల్లో తేలుతూనే ఉంటుంది. వాక్యూమ్, సాండర్ కలిస్తే శబ్దం 85 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి.

గొట్టం పూడుకుపోతే స్విచ్ ఆపడంతో సరిపెట్టకండి, ప్లగ్గు పీకండి. పీకాక కూడా ఫ్యాన్ రెక్కలు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. శబ్దం పూర్తిగా ఆగాకే మూతిలోకి చూడండి. చెయ్యి కాదు, కర్ర పెట్టండి. పిల్లలకి గొట్టం అంటే ఆట, షెడ్డుకి గడియ ఉండాలి.

నిప్పు

చెక్క నుసి గాల్లో దట్టంగా లేచినప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో అలాంటి ప్రమాదాలు జరుగుతాయి. ఇంటి షెడ్డులో పేలుడు కంటే ఎక్కువ భయం సంచీలో మెల్లగా రాజుకునే నిప్పుది. ఒక్క నిప్పురవ్వ సంచీలో పడి, పొట్టు లోపల గంటల తరబడి కనలి, మీరు పడుకున్నాక మంట లేస్తుంది.

అందుకని గ్రైండర్‌తో ఇనుము అరగదీసే చోటికి చెక్క కలెక్టర్‌ని, చెక్క వాక్యూమ్‌ని రానివ్వకండి. పాత చెక్కలో మేకులుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు కుప్పలుగా పడ్డాయి. కవిటి వైపున్న మా బావ నాకు పనస మొద్దులు పంపాడు. ఎవరో ఎప్పుడో దండెం కోసం కొట్టిన మేకు ఒకటి లోపల చెక్కలో కలిసిపోయి ఉంది. రంపం దానికి తగిలి నిప్పులు చిమ్మాయి. వెంటనే మిషన్ ఆపి, సంచీ విప్పి, పొట్టంతా నేల మీద పరిచి చూశాను. ఏమీ లేదు, అయినా ఆ రాత్రి రెండుసార్లు లేచి చూసొచ్చాను. ఇప్పుడు కోసే ముందు ప్రతి పాత చెక్క మీదా అయస్కాంతం తిప్పుతాను.

పాలిష్, వార్నిష్ పూసిన చెక్కని సాండర్ పడితే వచ్చే నుసి, అవిసె నూనె తుడిచిన గుడ్డ పేలిక, ఈ రెండూ ముద్దగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఆ నుసిని రాత్రంతా వాక్యూమ్‌లో వదలకండి. సాయంత్రమే తీసి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, నీళ్లు పోసి, ఇంటికి దూరంగా పెట్టండి. పేలికల్ని విడివిడిగా బయట ఆరేయండి. థిన్నర్, పెట్రోలు, స్పిరిట్ ఒలికితే వాక్యూమ్‌తో లాగొద్దు, దాని మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు పుడతాయి. చూడ్డానికొచ్చి బీడీ వెలిగించేవాళ్లని మొహమాటం లేకుండా బయటికి పంపండి.

నిప్పంటుకుంటే ముందు మెయిన్ ఆపండి. మంటలార్పే సిలిండర్ వేగంగా కొట్టినా, బకెట్టు నీళ్లు విసిరినా పొట్టు గాల్లోకి లేచి మంట పెద్దదవుతుంది. దూరం నుంచి మెల్లగా తడపండి.

పాత రంగు వేసిన గుమ్మాలు

పాత ఇల్లు కూలిస్తే గుమ్మాలు, కిటికీలు కొని బాగుచేసుకోవడం మన దగ్గర మామూలే. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 చివర్లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. సీసం నుసి పిల్లల మెదడుకి హాని చేస్తుంది. మామూలు వాక్యూమ్ ఆ నుసిని లాగి, వెనకనుంచి ఇల్లంతా చల్లుతుంది. ఇలాంటి గుమ్మాన్ని సాండర్ పట్టొద్దు. తడిపి, చేత్తో వాటర్ పేపర్ రుద్దండి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, వచ్చిన ముద్దని మూట కట్టి పారేయండి.

ఖాళీ చేయడం

నేను చూసినంతలో, రోజంతా జాగ్రత్తగా ఉన్న మనిషి కూడా ఇక్కడ నుసి పీలుస్తాడు. సంచీ సగం దాటగానే ఖాళీ చేయండి, నిండే దాకా ఆగొద్దు. ప్లగ్గు పీకండి. మాస్క్ ముఖం మీద ఉండాలి. గాలి ఎటు వీస్తోందో చూసి, గాలికి వీపు పెట్టి నిలబడండి. సంచీ మూతి ఇంకో పెద్ద సంచీలోపల పెట్టి మెల్లగా దించండి. పై నుంచి గుమ్మరిస్తే లేచే మేఘం మళ్లీ మీ ముక్కుకే. వాక్యూమ్‌లో లోపల వేసే ఫ్లీస్ సంచీ వాడితే ఈ బాధ చాలా తగ్గుతుంది, మూతి మూసి సంచీతో సహా పారేయొచ్చు.

రంగు, పాలిష్, ప్లైవుడ్ కలవని ఉత్త చెక్క పొట్టుకి ఊళ్లో గిరాకీ ఉంది. డబ్బాలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు కూరి, సీసా లాగేసి మండించే పొట్టు పొయ్యి మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది. దానికి ఇవ్వొచ్చు. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ పొట్టు మాత్రం ఆ పొయ్యిలోకి పోకూడదు, జిగురు పొగ వంటింట్లో నిలుస్తుంది. అందుకే షెడ్డులో నాకు రెండు గోనె సంచులున్నాయి. ఒకదాని మీద పెయింటుతో 'పొయ్యి' అని, ఇంకోదాని మీద 'పొయ్యికి కాదు' అని రాసి పెట్టాను.

పని అయ్యాక చొక్కా షెడ్డు గుమ్మం బయటే దులిపి, అక్కడే మేకుకి తగిలించి, కాళ్లూ చేతులూ ముఖం కడుక్కుని ఇంట్లోకి రండి. ఆ చొక్కాని పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.